ఊ కొట్టే చోటు

మా అమ్మమ్మ కథ చెప్పాలంటే ఒక షరతు ఉండేది. ఊ కొట్టాలి. రాజుగారు వేటకు బయల్దేరితే ఒక ఊ, అడవిలో దారి తప్పితే ఒక ఊ, దూరాన దీపం కనిపిస్తే ఇంకో ఊ. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోయేది. నిద్రపోయామో లేదో తెలుసుకోవడానికే ఇదంతా అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కానీ ఆవిడ ఆగే తీరు అన్నిసార్లూ ఒకేలా ఉండేది కాదు. మామూలు చోట్ల చిన్నగా ఆగేది. రాక్షసుడు తలుపు తట్టాడని చెప్పాక మాత్రం చాలాసేపు ఏమీ అనేది కాదు. డాబా మీద చాపలు, పైన చుక్కలు, ఎక్కడో కుక్క అరుపు. ఆ కాసేపట్లో తలుపు అవతల నిలబడ్డవాడి గోళ్లు, కళ్లు, ఊపిరి అన్నీ నేనే తయారు చేసుకునేదాన్ని. అమ్మమ్మ ఆ రాక్షసుణ్ణి ఒక్కసారి కూడా వర్ణించలేదు. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అలా ఆగడం మళ్లీ నాకు ఎదురైంది ఒక జపాన్ బొమ్మల సినిమాలో. హయావో మియాజాకి తీసిన 'మై నైబర్ టొటోరో', 1988 నాటిది. సత్సుకి అనే పిల్ల, మే అనే చెల్లెల్ని వెంటబెట్టుకుని, నాన్న మరిచిపోయి వెళ్లిన గొడుగు పట్టుకుని బస్‌స్టాప్‌లో నిలబడి ఉంటుంది. వాన. చీకటి పడుతుంది. బస్సు వస్తుంది, అందులో నాన్న ఉండడు. చెల్లెలికి నిద్ర ముంచుకొస్తుంది, అక్క వీపున ఎక్కించుకుంటుంది. గొడుగు మీద చినుకుల చప్పుడు, దీపస్తంభం కింద తడి వెలుగు. ఒక కప్ప తాపీగా నడిచిపోతుంది. అప్పుడు పక్కన అడుగుల చప్పుడు, గొడుగు అంచు కింద నుంచి పెద్ద పెద్ద గోళ్లున్న పాదాలు. టొటోరో అనే వింత జంతువు వచ్చి పక్కన నిలబడుతుంది. నెత్తిన ఒక ఆకు తప్ప వానకు అడ్డం ఏమీ లేదు. సత్సుకి నాన్న గొడుగు దానికి ఇస్తుంది. కొమ్మల మీంచి జారిన బొట్టు గొడుగు మీద టప్పున పడగానే ఆ పెద్ద జంతువు ముఖంలో కలిగే ఆశ్చర్యం చూడాలి. ఎవరూ ఎవరితో పోట్లాడరు, ఎవరూ ఎవరినీ తరమరు. అయినా ఆ సినిమా పేరు చెప్పగానే చాలామందికి కళ్ల ముందు మెదిలేది ఈ బస్‌స్టాపే.

కథ ముందుకు జరగని చోటు మనసులో ఎందుకంత గట్టిగా నిలుస్తుంది? నా మటుకు జవాబు అమ్మమ్మ షరతులోనే ఉంది. కథలో ఆ కాసేపు వినేవాళ్ల వంతు. మన వంతు వచ్చినప్పుడు మన మెదడు ఏం చేస్తుందో గత ఇరవై ఏళ్లలో ప్రయోగశాలల్లోనూ కొంత తేలింది. అక్కడికి వెళ్లేముందు, ఆ చోటును ఎలా తయారు చేస్తారో చూడాలి. నన్ను ముందుగా పట్టుకున్నది అదే.

2002లో అమెరికా సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ మియాజాకిని కలిసినప్పుడు ఈ సంగతి ఎత్తాడు. మీ సినిమాల్లో పాత్రలు ఒక్కోసారి ఊరికే కూర్చుంటాయి, నిట్టూరుస్తాయి, పారే నీళ్లు చూస్తాయి, కథకు పనికొచ్చేదేమీ చెయ్యవు, అదే నాకు ఇష్టం అన్నాడు. జపాన్ భాషలో దానికో మాట ఉందని మియాజాకి చెప్పాడు. 'మ'. మూడు నాలుగు సార్లు చప్పట్లు కొట్టి, ఈ చప్పట్ల మధ్య ఉన్న కాలమే అది అన్నాడు. ఊపిరి తీసుకునే చోటు లేకుండా పరుగే పరుగైతే అది ఉత్త హడావుడి అనీ, బిగువును ఎప్పుడూ ఎనభై డిగ్రీల మీదే ఉంచితే చూసేవాళ్లు మొద్దుబారిపోతారనీ ఆయన అభిప్రాయం. ఆ మాట రాసే అక్షరం చూడముచ్చటగా ఉంటుంది. రెండు రెక్కల వాకిలి, దాని మధ్య సూర్యుడు. పాతకాలపు రాతలో సూర్యుడి చోట చంద్రుడు ఉండేవాడు. తలుపు సందులోంచి వెలుగు పడినప్పుడే సందు ఉన్నట్టు తెలుస్తుంది.

చప్పట్ల మధ్య కాలం అంటే కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు వెంటనే తలూపుతారు. ఆది తాళం చివర రెండు ద్రుతాలు, ఒక్కో ద్రుతానికి ఒక దెబ్బ, ఒక విసురు. విసిరిన చెయ్యి గాలిలోనే తిరుగుతుంది, చప్పుడు ఉండదు, అయినా లెక్కలో దెబ్బకున్నంత విలువ దానికీ ఉంది. అనాగత ఎత్తుగడలోనైతే తాళం ముందు మొదలవుతుంది, పాట కొంత ఆగి వచ్చి కలుస్తుంది. పాటకు ముందున్న ఆ జానెడు చోటులో సభలో కూర్చున్నవాళ్ల చేతులు అప్పటికే కదులుతుంటాయి.

ఇప్పుడు బొమ్మల సంగతి. కెమెరాతో తీసే సినిమాలో నిశ్శబ్దం కొంత ఊరికే దొరుకుతుంది. నటి కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, గాలికి ముంగురులు వాటంతటవే కదులుతాయి, దారిన పోయే మేక తనంతట తనే ఫ్రేములోకి వస్తుంది. బొమ్మల సినిమాలో ఊరికే వచ్చేది ఏదీ లేదు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు గీయాలి, మూడేసి ఫ్రేములకు నిలిపితే 8. అంటే గొడుగు అంచు నుంచి జారే ఒక్కో చినుకునూ ఎవరో కూర్చుని గీశారన్నమాట. ఏమీ జరగని నిమిషానికి కూడా కాగితాలు, రంగులు, పనిరోజులు ఖర్చు పెట్టారు. అందుకే బొమ్మల సినిమాలో తీరిక కనిపిస్తే అది పొరపాటున వచ్చి చేరింది అయ్యుండదు. ఎవరో దానికోసం పట్టుబట్టారు.

కదలికను ఆపేయడం వేరు, నిశ్చలంగా ఉంచడం వేరు. ఈ తేడా చిత్రకారులకు మొదటినుంచీ తలనొప్పే. ఒసాము తెజుకా 1963 జనవరి 1న జపాన్ టీవీలో 'ఆస్ట్రో బాయ్' మొదలుపెట్టినప్పుడు డబ్బూ తక్కువ, వ్యవధీ తక్కువ. వారం వారం ఒక భాగం రావాలి. ఒకే బొమ్మను తెర మీద నిలబెట్టి నోరు మాత్రం కదిలించడం, కెమెరాను బొమ్మ మీద జరపడం అక్కడ అవసరం కొద్దీ అలవాటైంది. డిస్నీ వాళ్ల బాధ ఇంకో రకం. నిండుగా కదిలే పాత్ర ఒక్కసారిగా ఆగితే ప్రాణం పోయినట్టు, కాగితపు బొమ్మ అయిపోయినట్టు కనిపించేది. దానికి విరుగుడుగా 'మూవింగ్ హోల్డ్' కనిపెట్టారు. పాత్ర ఆగినట్టే ఉంటుంది గానీ భుజం పిసరంత కిందికి దిగుతూ ఉంటుంది, చెంప కొద్దిగా సాగుతుంది. కంప్యూటర్ బొమ్మల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. రెప్ప వెయ్యకుండా, ఊపిరి ఆడకుండా ఒక్క సెకను నిలబడినా ఆ పాత్ర శవంలా ఉంటుంది.

మన తోలుబొమ్మలాట వాళ్లకు ఈ కిటుకు ఏనాడో తెలుసు. సభలో కూర్చున్న పాత్రను ముల్లుతో తెరకు గుచ్చి, చేతులు ఖాళీ చేసుకుని మాట్లాడే పాత్రను ఆడిస్తారు. గుచ్చిన బొమ్మ కదలదు. కానీ వెనక నూనెదీపం రెపరెపలాడినప్పుడల్లా దాని నీడ ఊపిరి పీల్చినట్టు ఉండేది. అది వింటున్నట్టు కనిపించేది.

సోవియట్ దర్శకుడు యూరీ నోర్‌స్తైన్ 1975లో తీసిన 'హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్' కూడా ఆ కోవలోదే, పది నిమిషాల బొమ్మల సినిమా. ఒక ముళ్లపంది పిల్ల నేస్తం దగ్గరికి వెళ్తూ దారిలో పొగమంచులోకి దిగుతుంది, అంతే కథ. అద్దాల పలకల మీద కత్తిరించిన బొమ్మలు పేర్చి, వాటి మీద పల్చటి కాగితం వేసి, దాన్ని కొద్దికొద్దిగా కెమెరా వైపు పైకి లేపుతూ పోతే అది పొగమంచైంది. తెల్లటి పొగలోంచి ఒక గుర్రం ముఖం కనిపించి మాయమవుతుంది. ఆ గుర్రం కంటే ఆ తెలుపే నాకు ఎక్కువ గుర్తు.

ఇక చూసేవాళ్ల తలలో ఏం జరుగుతుందో చూద్దాం.

అన్నిటికంటే నాకు నచ్చింది కనురెప్పల ప్రయోగం. మనం నిమిషానికి సుమారు 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. కన్ను తడారకుండా ఉండడానికి అన్నిసార్లు అక్కర్లేదు. మరి మిగతావి ఎందుకు? జపాన్ పరిశోధకురాలు తమామి నకానో, ఆమె బృందం 2009లో కొందరికి 'మిస్టర్ బీన్' వీడియోలు చూపించి రెప్పపాట్లను లెక్కించారు. చూసేవాళ్ల రెప్పలు తరచూ దాదాపు ఒకే క్షణంలో పడ్డాయి. ఎప్పుడంటే ఒక పని పూర్తయినప్పుడు, ముఖ్యపాత్ర తెర మీద లేనప్పుడు. కథ లేని ప్రకృతి దృశ్యాలు చూపించినప్పుడు ఈ కలయిక లేదు. తెలియకుండానే అందరూ కథలోని చిన్న చిన్న సందుల కోసం కాచుకుని, అక్కడ కళ్లు మూసుకుంటున్నారన్నమాట. 2013లో అదే నకానో బృందం రెప్ప పడే క్షణంలో మెదడును ఎమ్మారై యంత్రంతో చూసింది. బయటి దృశ్యం మీద దృష్టి నిలిపే భాగాలు ఆ క్షణంలో కాస్త వెనక్కి తగ్గాయి. 'డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్' అనే అల్లిక కాస్త ముందుకొచ్చింది. బయట పనేమీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు, గడిచినవి తలచుకునేటప్పుడు, ఇతరుల మనసులో ఏముందో ఊహించేటప్పుడు పనిచేసే అల్లిక అది. రెప్పపాటు అంతసేపే వీడియోను నల్లగా మార్చి చూస్తే ఇలా జరగలేదు. చీకటి చేసిన పని కాదది. మనసు తనకు తానుగా తీసుకున్న విరామం చేసిన పని.

కళ్లతో కొట్టే ఊ అది. నాకైతే అలాగే అనిపించింది.

సంగీతం వైపు నుంచి ఇంకో సాక్ష్యం ఉంది. దేవరాజన్ శ్రీధరన్ ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్నారు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వినోద్ మీనన్ తదితరులతో కలిసి ఒక ప్రయోగం చేశారు. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ స్వరకర్త విలియం బాయ్స్ సింఫనీలను సంగీతం నేర్చుకోని మామూలు మనుషులకు వినిపిస్తూ వాళ్ల మెదళ్లను గమనించారు. ఒక అంకం ముగిసి మరొకటి మొదలయ్యే సందులో, ఏ వాయిద్యమూ మోగని ఆ కొద్దిపాటి నిశ్శబ్దంలోనే మెదడు అన్నిటికంటే చురుగ్గా ఉంది. ముందు ఒక అల్లిక, వెంటనే మరొకటి. అయిపోయిన దాన్ని మూట కట్టడం, రాబోయే దానికి చెవి పెట్టడం.

ఆ మూట కట్టే పని ఎక్కడ జరుగుతుంది? మెదడు లోపల కణతల వైపు హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంది. జరిగిన సంగతులను జ్ఞాపకాలుగా మార్చడంలో దానిది పెద్ద పాత్ర. ఇజ్రాయెల్‌లో ఆయా బెన్‌యాకోవ్, యాదిన్ దుదాయ్ 2011లో చిన్న చిన్న సినిమా ముక్కలు చూపించి గమనించినప్పుడు, ముక్క నడుస్తున్నంతసేపటి కంటే అది ముగిసిన మరుక్షణమే హిప్పోకాంపస్ గట్టిగా స్పందించింది. ఎంత గట్టిగా స్పందిస్తే ఆ ముక్క తర్వాత అంత బాగా గుర్తుంది. 2018లో బెన్‌యాకోవ్, రిచర్డ్ హెన్సన్‌తో కలిసి రెండు వందల మందికి పైగా సినిమాలు చూస్తున్నప్పుడు సేకరించిన మెదడు సమాచారాన్ని వడకట్టారు. 'ఫారెస్ట్ గంప్', ఇంకా హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ కథ. ప్రేక్షకులు 'ఇక్కడ ఒక సంఘటన ముగిసింది' అని గుర్తించిన చోట్లే హిప్పోకాంపస్ కూడా స్పందించింది.

అంటే చూస్తున్నప్పుడు చూస్తాం, ఆగినప్పుడు దాచుకుంటాం. ఆగనివ్వకపోతే?

దీనికి జవాబు లాంటిది ఎడిన్‌బరోలో మైకేలా డ్యూవార్ చేసిన పనిలో ఉంది, 2012లో అచ్చయింది. వయసు మళ్లినవాళ్లకు రెండు చిన్న కథలు వినిపించారు. ఒక కథ అయ్యాక పది నిమిషాలు చీకటి గదిలో కళ్లు మూసుకుని ఊరికే కూర్చోమన్నారు. ఇంకో కథ అయ్యాక అంతే సేపు రెండు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టే ఆట ఇచ్చారు. ఊరికే కూర్చున్నాక కథ ఎక్కువ గుర్తుంది. ఏడు రోజుల తర్వాత అడిగినా ఆ తేడా అలాగే నిలిచింది. ఒక పూట నిద్ర కాదు, మందు కాదు, పది నిమిషాల తీరిక. మా ఊళ్లో కథ అయిపోయాక పెద్దవాళ్లు "ఇంక మాటలు చాలు, పడుకోండి" అనేవాళ్లు. ఎందుకన్నా సరే, మంచి పనే చేశారు.

ఇటలీలో లుసియానో బెర్నార్డి అనే వైద్యుడు 2006లో అచ్చు వేసిన ఫలితం కూడా ఇక్కడే చెప్పాలి. 24 మందికి మన రాగ సంగీతం సహా ఆరు రకాల సంగీతం వినిపించి గుండె, ఊపిరి ఎలా మారతాయో కొలిచారు. మధ్యలో ఎక్కడో ఒకచోట రెండు నిమిషాల నిశ్శబ్దం చొప్పించారు. వేగమైన సంగీతానికి గుండె వేగం, రక్తపోటు పెరగడం అనుకున్నదే. అనుకోనిది ఆ నిశ్శబ్దంలో జరిగింది. గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలవక ముందు ప్రశాంతంగా కూర్చున్నప్పటి కంటే కూడా కిందికి దిగాయి. ఆ కిందికి దిగడం మొదట్లో ఉన్న నిశ్శబ్దానికి లేదు, సంగీతం తర్వాత వచ్చిన దానికే ఉంది. మియాజాకి ఎనభై డిగ్రీల మాటకు ఇంతకంటే దగ్గరి బంధువు నాకు కనబడలేదు. బస్‌స్టాప్ దృశ్యాన్ని విడిగా కత్తిరించి చూపిస్తే బాగానే ఉంటుంది. కానీ ఆ పిల్లలు కొత్త ఊరికి వచ్చిన హడావుడి, ఆసుపత్రిలో ఉన్న వాళ్ల అమ్మ గురించిన బెంగ అన్నీ దాటి వచ్చాక ఆ వాన మన మీద కురిసే తీరు వేరు.

ఈ ప్రయోగాల్లో ఎవరూ టొటోరోను చూపించలేదు. రెప్పలనూ సింఫనీలనూ చీకటి గదినీ బస్‌స్టాప్ దగ్గరికి తెచ్చి కలుపుతున్నది నేను. అయినా అన్నిటి వేలూ ఒకే వైపు చూపిస్తోందని నా నమ్మకం.

పిల్లల విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. అమెరికాలో ఏంజెలిన్ లిలార్డ్ 2011లో నాలుగేళ్ల పిల్లలు 60 మందిని మూడు గుంపులు చేసి, తొమ్మిది నిమిషాలపాటు ఒక గుంపుకు పరుగులు పెట్టే కార్టూన్, ఒక గుంపుకు నెమ్మదైన కార్టూన్ చూపించి, ఇంకో గుంపును బొమ్మలు గీయమన్నారు. వెంటనే చేసిన పరీక్షల్లో పరుగుల కార్టూన్ చూసినవాళ్లు దృష్టి నిలపడంలో, ఓపిక పట్టడంలో వెనకబడ్డారు. ఇంకేం, వేగమే విషం అని చాలామంది తేల్చేశారు. లిలార్డ్ అక్కడ ఆగలేదు. 2015లో మళ్లీ ప్రయోగాలు చేసి, పిల్లల బుర్రను అలసగొట్టేది వేగం కంటే లోకంలో జరగని వింతలు ఊపిరాడకుండా వచ్చిపడడమే అని చెప్పారు. టొటోరో నిండా వింతలే. పిల్లి ఆకారంలో బస్సు వస్తుంది, దాని కళ్లే హెడ్‌లైట్లు. కానీ ఒక వింత తర్వాత ఇంకో వింత రావడానికి ముందు పిల్లలకు నోరు తెరిచి చూసేంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధే ముఖ్యమని నేను అనుకుంటాను.

ఆ వ్యవధికి భయపడేవాళ్లు కూడా ఉన్నారు. మియాజాకి 'కికీస్ డెలివరీ సర్వీస్'ను డిస్నీ 1998లో ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు, మాటలు లేని చోట్ల నల్లపిల్లి జీజీతో కొత్త మాటలు అనిపించింది, సంగీతం లేని చోట్ల సంగీతం కలిపింది. 'కాజిల్ ఇన్ ద స్కై'కి అమెరికా ప్రేక్షకుల కోసం సంగీత దర్శకుడు జో హిసైషి చేతే సంగీతాన్ని పెంచి మళ్లీ చేయించారు. తెర మౌనంగా ఉంటే పిల్లలు లేచి పోతారని దడ. పోరు. పిల్లలు ఎక్కడికీ పోరు. మా ఇంట్లో చూశాను, ఇంకా చాలా ఇళ్లలో చూశాను.

మాటలు లేకపోవడమే నిశ్శబ్దం అనుకోవడం కూడా పొరపాటే. మన సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన 'పుష్పక విమానం'లో ఒక్క డైలాగూ లేదు. కానీ ఊరి రొదంతా ఉంది. హీరో పేదగదికి పక్కనే సినిమాహాలు, అందులోంచి వచ్చే పోరాటాల చప్పుడు లేనిదే అతనికి నిద్ర పట్టదు. పెద్ద హోటలు గదికి మారాక ఆ చప్పుడును టేపులో పట్టి తెచ్చుకుంటాడు. నిశ్శబ్దం భరించలేని మనిషిని చూపించడానికి మాటలే లేని సినిమా కావలసి వచ్చింది.

మియాజాకి 2001 సినిమా 'స్పిరిటెడ్ అవే'లో ఒక రైలు ప్రయాణం ఉంది. పట్టాలు నీళ్లలో మునిగి ఉంటాయి, రైలు నీటి మీదే నడుస్తున్నట్టు వెళ్తుంది. చిహిరో అనే పదేళ్ల పిల్ల కిటికీ పక్కన కూర్చుంటుంది. పక్కన ముసుగు ముఖం మనిషి, ఒళ్లో చిట్టి జంతువులు. మిగతా ప్రయాణికులందరూ నీడల్లా పారదర్శకంగా ఉంటారు, సామాను పట్టుకుని తమ తమ స్టేషన్లలో దిగిపోతారు. పియానో మెల్లగా మోగుతుంటుంది. ఎవరూ మాట్లాడరు. ఒకచోట రైలు సాగిపోతుంటే ప్లాట్‌ఫారం మీద ఒక నీడపిల్ల నిలబడి కనిపిస్తుంది. కొన్ని క్షణాలే. ఆమె ఎవరో సినిమా చెప్పదు, మళ్లీ చూపించదు.

మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూశాను. రైలు వచ్చినప్పుడు అది కదల్లేదు, ఏమీ అడగలేదు, సినిమా అయిపోయాక కూడా దాని గురించి మాట్లాడలేదు. మూడు రోజుల తర్వాత బడికి టైమవుతుంటే నేను జడ వేస్తున్నాను.

"అత్తా, స్టేషన్‌లో నిలబడ్డ ఆ పిల్ల లేదూ, ఆమె చెల్లి ఆ రైలెక్కి వెళ్లిపోయింది."

"ఊ."

"రోజూ అక్కడికే వచ్చి చూస్తుంది. వాన పడ్డా వస్తుంది."

"ఊ," అన్నాను, రిబ్బను ముడి వేస్తూ.